చట్టానికి ఆషాఢం లేదు

మా శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇద్దరు పిల్లలు ఆ మధ్య స్వీట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. స్టాంపు చట్టం, మార్కెట్ విలువ, ఆడిట్ అభ్యంతరాలు అంటూ నోటుపుస్తకం తీశారు. అవన్నీ శిక్షణలో ఎలాగూ చెప్తారని పుస్తకం మూయించాను. నా ప్రమోషన్ల కథ కూడా చెప్పలేదు. అది మొదలుపెడితే మా ఆయనే హాల్లోంచి లేచి పెరట్లోకి పోతారు.

సబ్ రిజిస్ట్రార్ అంటే భూములు రాసే మనిషని లోకం అనుకుంటుంది. నిజమే, రోజులో ముప్పావు భాగం భూములే. కానీ అదే కుర్చీలో కూర్చున్న మనిషి వివాహాధికారి కూడా. పొలాల పని మీద వచ్చేవాళ్లు దర్జాగా గుమ్మంలోంచి వస్తారు. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకోవడానికి వచ్చేవాళ్లు ముందు కిటికీలోంచి తొంగి చూస్తారు. లోపల తమ ఊరివాళ్లు ఎవరూ లేరని తేల్చుకున్నాకే చెప్పులు విప్పుతారు. విప్పక్కర్లేదని చెప్పినా వినరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్నో ఆఫీసులు తిరిగాను. నాకు ఉద్యోగం నేర్పింది భూముల వాళ్లు కాదు, ఈ చెప్పులు విప్పినవాళ్లే. అందుకని వాళ్ల గురించే రాస్తున్నాను.

దండలు తెస్తారు, కాగితాలు తేరు

పారిపోయి వచ్చే జంటని దూరం నుంచే పోల్చవచ్చు. అబ్బాయి కొత్త చొక్కాకి మడతలు పోయి ఉండవు. అమ్మాయి చేతిలో కాలేజీ బ్యాగు ఉంటుంది, అందులో పట్టుచీర ఉంటుంది. వెనకాల ఇద్దరు స్నేహితులు ఉంటారు. ఒకడు ఫోన్లో వీడియో తీస్తుంటాడు, ఇంకొకడు మోటారు సైకిలు ఇంజను ఆపకుండా రోడ్డు మీద కాపు కాస్తుంటాడు. దండలు తెస్తారు, మంగళసూత్రం తెస్తారు, ప్యూనుకి పంచడానికి లడ్డూలు కూడా తెస్తారు. పదో తరగతి మార్కుల జాబితా మాత్రం తేరు. అది ఇంట్లో నాన్నగారి ఇనప్పెట్టెలో ఉంటుంది.

"వయసు రుజువేదీ?" అని అడిగితే అబ్బాయి మీసం చూపిస్తాడు. మీసం చట్టంలో లేదు నాయనా అని చెప్పాలి. నవ్వకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ క్షణంలో వాళ్లకి ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది.

రెండు దారులున్నాయి. గుళ్లోనో ఇంట్లోనో పెళ్లి చేసుకుని, ఫోటోలు, వయసు రుజువులు, ముగ్గురు సాక్షులతో వస్తే హిందూ వివాహ చట్టం కింద నమోదు చేస్తాం. అది ఒక్క పూట పని. అలాకాక నేరుగా మా ముందే పెళ్లి చేసుకోవాలంటే ప్రత్యేక వివాహ చట్టం. దానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని మేం ఆఫీసు బోర్డుకి ముప్పై రోజులు అంటించాలి. నోటీసు ఇచ్చిన నాటినుంచి మూడు నెలల్లోగా పెళ్లి జరగాలి. జరగకపోతే ఆ నోటీసు చచ్చిపోతుంది, మళ్లీ మొదటినుంచి రావాలి. పారిపోయి వచ్చిన వాళ్లకి ముప్పై రోజులు అని చెప్తే, ముప్పై ఏళ్లు జైలు వేసినట్టు చూస్తారు.

ఇక పుట్టినతేదీల సంగతి. మా వైపు పల్లెల్లో జనం అంతా జూన్ నెలలోనే పుడతారు. పిల్లాణ్ణి బళ్లో వెయ్యడానికి తీసుకెళ్తే మాస్టారు ఒక తేదీ పడేస్తారు. మగపిల్లాడైతే తండ్రి "ఓ రెండేళ్లు తగ్గించీండి మేస్టారూ, మిలట్రీకో నేవీకో పనికొస్తాది" అంటాడు. ఆ రెండేళ్లూ ఉద్యోగానికి పనికొచ్చాయో లేదో నాకు తెలియదు. పెళ్లికి అడ్డం రావడం మాత్రం కళ్లారా చూశాను.

నేను పంపిన ఉత్తరం

సర్వీసు మొదట్లో నాకొక పెద్ద ఆఫీసరు ఉండేవారు. మంచివారే, కానీ గొడవంటే భయం. "అమ్మాయ్, నోటీసు బోర్డుకి అంటించి ఊరుకోకు. ఒక కాపీ పిల్ల ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించు. రేపు వాళ్లొచ్చి మన మీద పడకుండా ఉంటారు" అన్నారు. అలా పంపమని చట్టంలో ఎక్కడా లేదు. అది నాకు తెలుసు. తెలిసీ పంపాను.

ఆ పిల్ల ఒక టైలరింగ్ షాపులో పనిచేసేది. నోటీసు ఇచ్చినరోజు ముప్పై రోజుల తరవాతి తేదీని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఆ రోజు అబ్బాయి వచ్చాడు, పిల్ల రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంటికి ఉత్తరం అందిన సాయంత్రమే ఆమెను ఒడిశాలో ఎవరో చుట్టాల ఇంటికి పంపేశారని తరవాత తెలిసింది. ఆ మీదట ఏమయిందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం కూడా చెయ్యలేదు. మా పెద్దాయన "చూశావా, గొడవ లేకుండా పోయింది" అన్నారు. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, సంతకం నాదే కాబట్టి నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

కొత్తగా వచ్చే పిల్లలకి ఈ ఒక్కమాట నొక్కి చెప్తున్నాను. పై అధికారి నోటిమాటతో చట్టంలో లేని పని చేస్తే, ఆ పని మీదే అవుతుంది. ఆయన రిటైరై హాయిగా మనవల్ని ఆడించుకుంటారు.

ఫైలుతో వచ్చిన పిల్ల

ఇది చివరి పోస్టింగులో జరిగింది. ఊరి పేరు రాయను. భోగాపురం దగ్గర విమానాశ్రయం వస్తుందన్న కబురుకి చుట్టుపక్కల పొలాల ధరలకి రెక్కలొచ్చిన రోజులు.

ఏప్రిల్లో ఒక ఉదయం ఒక జంట వచ్చింది. కిటికీలోంచి తొంగి చూడలేదు, చెప్పులు విప్పలేదు. అమ్మాయి నేరుగా నా బల్ల ముందుకొచ్చి ప్లాస్టిక్ ఫైలు పెట్టింది. అందులో నోటీసు ఫారం, ఆధార్ నకళ్లు, మార్కుల జాబితాలు, నివాస ధ్రువపత్రాలు, ఫోటోలు, అన్నీ వరసలో ఉన్నాయి. ఇన్నేళ్లలో పూర్తి కాగితాలతో వచ్చిన ప్రేమజంట అదే మొదటిది. నాకు కాస్త ముచ్చటేసింది, కాస్త అనుమానమూ వచ్చింది.

పేరు శైలజ. ఇరవై రెండేళ్లు. దగ్గర పల్లెలో రైతు కుటుంబం, తండ్రి అప్పలనాయుడు. ఈ పిల్ల ఊళ్లోని మీసేవ కేంద్రంలో పనిచేసేది. కాగితం మీద ఆమె పట్టు అక్కడ వచ్చిందే. అబ్బాయి పేరు తాతారావు. సొంత ఊరు భావనపాడు, చేపల వేట కుటుంబం. ఇక్కడ తీరం పల్లెలో అక్క నూకరత్నం ఇంట్లో ఉంటూ బావ పడవ మీద వేటకి వెళ్తాడు. ఏదో ధ్రువపత్రం కోసం మీసేవకి వెళ్లి, ఆ ఒక్క పత్రం కోసం పదకొండుసార్లు తిరిగాడట.

"మొదటిసారే ఇచ్చేశానండి" అంది శైలజ. "మిగతా పదిసార్లూ ఎందుకొచ్చాడో అతన్నే అడగండి."

తాతారావు నేల చూశాడు.

తప్పు వెతికే అలవాటు కొద్దీ తాతారావు మార్కుల జాబితా తీశాను. జూన్ ఒకటి. ఆ తేదీకి గానీ ఇరవయ్యొకటి నిండదు. ఇంకా నెలన్నర ఉంది. పేరులో తాత, కాగితంలో బాలుడు.

"అసలుకి నాకు ఇరవైమూడండి" అన్నాడు తాతారావు. "మా అయ్య నేవీకి పనికొస్తానని తగ్గించి సెప్పీసినాడు."

"మరి నేవీకి వెళ్లావా?"

"నేదండి. సూపు ఆననేదు."

ఫైలు మూసి, జూన్‌లో రమ్మన్నాను. శైలజ ఫైలు తీసుకోలేదు.

"మేడం, చట్టంలో 'వివాహ సమయానికి' అని ఉంది. నోటీసు సమయానికి అని లేదు. ఇవాళ నోటీసిస్తే జులై మూడో వారం దాకా బతికుంటుంది. మధ్యలో జూన్ ఒకటి వస్తుంది."

నేను పుస్తకం తీసి చదివాను. నిజమే. ఆ సెక్షను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఒక్కసారీ ఆ మాట కంటికి ఆనలేదు. చూపు పరీక్షలో నేనూ తప్పినట్టే.

"గుళ్లో చేసుకుంటే ఈ నోటీసు గొడవే ఉండదు కదమ్మా. జూన్ ఒకటిన తాళి కట్టించుకుని, రెండున నా దగ్గరకి రండి" అన్నాను.

"ఈడూ అదే అంతన్నాడండి. చీపురుపల్లిలో రైలెక్కి ఎక్కడికో పోయి, గుళ్లో దండలేసుకుని వచ్చీద్దుమని టైంటేబుల్ కూడా తెచ్చాడు." ఆ మాట వస్తూనే ఆమె ఆఫీసు తెలుగు జారిపోయింది. "నాను దొంగపెల్లి సేసుకోనండి. పారిపోతే ఈడి మీద కేసు ఎడతారు, పిల్లకి మత్తెట్టి తీసుకుపోనాడంతారు. బోర్డు మీద నా పేరెట్టి, మీ ముందు నా నోటితో సెప్పి సేసుకుంతాను. అప్పుడెవులేటంతారో సూస్తాను."

మొండితనం నాకు నచ్చింది. కానీ ఆ మొండితనానికి ఖరీదు ఉంటుందని చెప్పాను. బోర్డు మీద పేరు పడితే నాలుగు కళ్లు చూస్తాయి, నాలుగు నోళ్లు చెప్తాయి. ఇంట్లో లైన్‌మన్ సంబంధం చూసి పెట్టారని, శ్రావణంలో పెళ్లి అనుకుంటున్నారని ఆమే చెప్పింది. ఆ లోగా ఈ పుస్తకంలో సంతకం పడాలి. పడకపోతే ఆ తరవాత నోటీసూ ఉండదు, ఆమె మాట వినేవాళ్లూ ఉండరు.

నోటీసు తీసుకున్నాను. బోర్డుకి అంటించాను. ఒక కాపీ చట్టప్రకారం తాతారావు సొంత ఊరి వైపు ఆఫీసుకి పంపాను. ఇంటికి మాత్రం ఏదీ పంపలేదు.

బెంచీ

పంపకపోయినా అందింది. మా ఆఫీసు ఎదురుగా సూర్నారాయణ అని దస్తావేజు లేఖరి ఉండేవాడు. పాతికేళ్లుగా మా బోర్డు మీద ఏం అంటించినా ముందు చదివేది అతనే. అప్పలనాయుడు పొలం కాగితాలన్నీ రాసింది కూడా అతనే. మే నెల రెండో వారంలో ఎరువుల షాపు దగ్గర కనిపించిన నాయుడుతో "మీ పాప పెళ్లి కబురు మాకు చెప్పనేలేదు" అన్నాడట. పెళ్లి పిలుపు అడిగినట్టే అడిగాడు పాపం.

ఆ మర్నాటినుంచి శైలజ మీసేవకి రాలేదు. ఫోను తీసేసుకున్నారు. నాయుడు చెడ్డవాడు కాదు, చెయ్యి చేసుకోలేదు. గది తలుపు గొళ్లెం పెట్టాడు, అంతే. నా దగ్గరకొచ్చి అభ్యంతరం కూడా పెట్టలేదు. రాతపూర్వకంగా పెడితే ఊరంతా చదువుతుందని ఆయన పరువు ఆపింది. జులై మూడో వారం దాటితే నోటీసు చచ్చిపోతుందని సూర్నారాయణ చెప్పాడు. అది చాలనుకున్నాడు.

జూన్ ఒకటిన తాతారావు కొత్త చొక్కాతో వచ్చాడు. కాగితం మీద కూడా పెద్దవాడయిన రోజు. సాయంత్రం దాకా వరండా బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. అప్పుడు వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, కాబట్టి తిరుగుతున్నాడులే అనుకున్నాను. జూన్ మధ్యలో నిషేధం ఎత్తేశారు. పడవలన్నీ నీళ్లలోకి వెళ్లాయి. తాతారావు మాత్రం బెంచీ మీదే ఉన్నాడు.

ఒకరోజు పిలిచి చెప్పాను. అమ్మాయి మేజరు. పోలీసులకి చెప్పుకోవచ్చు, కోర్టుకి వెళ్లవచ్చు, తలుపు తీయించవచ్చు.

"కోర్టుకెల్తే అది నన్ను సంపేస్తాదండి" అన్నాడు. "నాన్నని టేసన్ మెట్లెక్కించొద్దని కబురెట్టింది. బెంచీ ఒగ్గొద్దన్నాది. ఒగ్గనేదు."

"కబురెవరు తెచ్చారు?"

"మా అప్ప. సేపలమ్ముకోడానికి ఆ యీదికి ఎల్తాది గదండీ."

ఇంట్లో ఫోను తీసుకున్న నాయుడుకి, వారానికి రెండుసార్లు గుమ్మంలోకి వచ్చే నూకరత్నం చేపల తట్టని అనుమానించాలని తోచలేదు. నెత్తళ్ల చేపలంటే ఆయనకి ప్రాణమట.

ఆ రోజుల్లో నేనేం చేశానని అడగొచ్చు. ఏమీ చెయ్యలేదు. అధికారి పెళ్లికూతుర్ని వెతుక్కుంటూ వెళ్లకూడదు. కానీ ఆ బెంచీ వైపు చూసినప్పుడల్లా అరచేతి మీద తేదీ రాసుకున్న పాత పిల్లే గుర్తొచ్చేది. నోటీసు పుస్తకంలో ఎన్ని రోజులు మిగిలాయో పొద్దున్నే చూసుకోవడం అలవాటైంది. పన్నెండు, తొమ్మిది, ఏడు. అన్నం సయించేది కాదు. మా ఆయన షుగరు చూపించుకోమన్నారు.

ముందు వచ్చిన కాగితం

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో మా ఆఫీసు బోసిపోతుంది. ఎవరూ భూములు కొనరు, పెళ్లిళ్ల ఊసే ఉండదు. ప్యూను పగలే కునుకు తీస్తాడు. నోటీసుకి ఇంకా మూడు రోజులు ఉన్నాయనగా, ఉదయం పదకొండింటికి సూర్నారాయణ ఒక దస్తావేజు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. వెనకాల పంచె, తెల్లచొక్కాతో ఒక పెద్దాయన. ఆయన వెనకాల శైలజ.

సంగతి ఏమిటంటే, హక్కు విడుదల దస్తావేజు. భోగాపురం పుణ్యమా అని పొలం ధర పెరిగింది. పిత్రార్జితంలో కూతురికీ వాటా ఉంటుంది. ఎప్పటికైనా ఆ వేటోడితో వెళ్లిపోతే వాటా కూడా వెళ్లిపోతుందని నాయుడుకి భయం. ముందు ఆ వాటా వదులుకున్నట్టు రాయించుకుని, శ్రావణంలో లైన్‌మన్‌కి ఇచ్చి చేసేద్దామని ఆయన ఉపాయం. అడగ్గానే శైలజ ఒప్పుకుందట. "ఇప్పుడే ఎట్టించీ నాన్నా, శ్రావణంలో ఆఫీసు కాళీ ఉండదు" అని రోజు కూడా తనే చెప్పిందట. ఆషాఢంలో ఎవడు పెళ్లాడతాడని నాయుడికి ధీమా. తెలుగువాడెవడికైనా అదే ధీమా ఉంటుంది.

శైలజ సూర్నారాయణ దగ్గర నిలబడి దస్తావేజు చదువుతోంది. బెంచీ వైపు ఒక్క చూపు కూడా వెయ్యలేదు. నాయుడు తాతారావుని ఎప్పుడూ చూడలేదు. వెళ్లి సరిగ్గా అతని పక్కనే కూర్చున్నాడు. నా కిటికీ ఆ బెంచీకి జానెడు దూరం.

"ఏ ఊరు బాబూ?"

"బావనపాడండి. ఇక్కడ మా అప్ప ఇంటికాడుంతన్నాను."

"ఏటి పని మీదొచ్చినావు?"

"సంతకం పనండి."

"ఎన్నాల్ల బట్టి తిరుగుతన్నావు?"

"మూడు నెల్లు అయిపోతన్నాదండి."

నాయుడు జాలిపడ్డాడు. "గవుర్మెంటోల్లు అంతే బాబూ. ఓ వంజరం సేప అట్టుకెల్లి ఆవిడికిచ్చి సూడు."

"ఆవిడ మంచిదేనండి. పెద్దోల్లు ఒప్పుకోక ఆగింది."

"పెద్దోల్లకేటొచ్చింది? ఒప్పుకుంతే ఆల్ల సొమ్మేటి పోతాది?" అన్నాడు నాయుడు.

నేను ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. లోపలికి పిలిచాను. తండ్రి, కూతురు, సూర్నారాయణ వచ్చి నా ముందు నిలబడ్డారు. దస్తావేజు బల్ల మీద పెట్టారు. శైలజ మొహం మూడు నెలల్లో సగమైంది.

"సంతకం ఎడతానండి, మా నాన్నకి మాటిచ్చాను" అంది. "కానీ మేడం, ఏప్రిల్లో నాదొక కాగితం మీ దగ్గరుంది. మీ ఆఫీసులో ముందొచ్చిన కాగితం ముందు సూస్తారు గదా. ముందు దాన్ని తియ్యండి."

మా ఆఫీసు ధర్మమే అది. వచ్చిన వరసలోనే నంబరు, వరసలోనే పని. నేను వివాహాల పుస్తకం బయటికి తీశాను.

నాయుడుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఆషాడంలో పెల్లేటి మేడమ్మా" అన్నాడు.

"చట్టానికి ఆషాఢం లేదండి నాయుడుగారూ."

"ఎవుడాడు? ఎక్కడున్నాడు?"

బెంచీ మీద నుంచి లేచి తాతారావు గుమ్మంలోకి వచ్చాడు. "నానేనండి."

నాయుడు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "సేప ఇమ్మని నీకేనేటి నాను సెప్పినాను" అన్నాడు నెమ్మదిగా.

తరవాత కూతురి వైపు తిరిగాడు. అరుస్తాడేమోనని ప్యూను కూడా మేలుకున్నాడు. అరవలేదు.

"లైన్‌మన్‌కేటి తక్కువే? గవుర్మెంటు ఉద్దోగం."

"ఏం తక్కువ నేదు నాన్నా. నాకొద్దు, అంతే. రెండు నెల్లుగా ఇదే సెప్తన్నాను. నువ్వు నన్ను కొట్టనేదు, తిట్టనేదు. తలుపేసీసినావు. అన్నం పల్లెం లోపలెట్టి నువ్వు నా మొకం సూడకుండా ఎల్లిపోతంటే, కొట్టుంటే బాగున్ను అనిపించింది." ఆమె బల్ల మీది దస్తావేజు చూపించింది. "పొలం కావాలన్నావు. ఇచ్చీసే ఎల్తాను. నన్నొగ్గీ."

నాయుడు నన్ను అడిగాడు, ఆపడానికి దారేమైనా ఉందా అని. అభ్యంతరానికి గడువు ఎప్పుడో దాటిపోయిందని చెప్పాను. దాటకపోయినా నాలుగే కారణాలు చెల్లుతాయని లెక్కపెట్టి చెప్పాను. ముందే పెళ్లై ఉండటం, మతి సరిగా లేకపోవడం, వయసు చాలకపోవడం, వరస కాకపోవడం. ఆయన రెండోదాని దగ్గర ఆగాడు.

"మతుంతే ఆషాడంలో పెల్లాడతాదేటి" అన్నాడు. కానీ అది రాసివ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను, వెళ్లలేదు.

ముగ్గురు సాక్షులు కావాలి. అప్పటికే నూకరత్నం, ఆమె భర్త వరండాలో ఉన్నారు. ఆ రోజు సంగతి ఆమెకి ముందే తెలుసు, ఆ వీధిలో చేపలమ్మేది ఆమే కదా. తట్ట మీద ఆకు తీస్తే కింద రెండు బంతిపూల దండలున్నాయి. ఆ వాసన గురించి చెప్పను. మూడో సాక్షి లేడు. నేను సూర్నారాయణ వైపు చూశాను. అతను పైకప్పు చూశాడు, గోడ చూశాడు, చివరికి నాయుడుని చూశాడు. నాయుడు మొహం తిప్పుకున్నాడు. సూర్నారాయణ వచ్చి సంతకం పెట్టాడు. 

మా ఆఫీసు పెళ్లిలో మంత్రం ఒక్కటే. తాతారావు చెప్పాడు, శైలజని చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నానని. 'చట్టబద్ధమైన' దగ్గర రెండుసార్లు తడబడ్డాడు. శైలజ ఒక్కసారికే, తడబడకుండా, తండ్రి వైపు చూస్తూ చెప్పింది. పుస్తకంలో సంతకాలయ్యాయి. నేను సీలు వేశాను.

దండలు ఇంకా మెడలో ఉండగానే శైలజ బల్ల దగ్గరకి వచ్చి దస్తావేజు తన ముందుకి లాక్కుంది. అక్కర్లేదని నేను చెప్పలేను. అడగవలసింది మాత్రం అడిగాను.

"ఇష్టపూర్వకంగానే రాస్తున్నావా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

"లేదండి. మాటిచ్చాను."

పెన్ను తీసింది. ఆమె పేరు దగ్గర పెన్ను ఆనే లోగా నాయుడు చెయ్యి వచ్చి కాగితం మీద పడింది. పొలం పని చేసే చెయ్యి, కాగితంలో సగం కనిపించకుండా కప్పేసింది.

"నాట్లకి ఆకు తీసే కూలోల్లు వచ్చుంతారు" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "ఎండెక్కిపోతన్నాది. ఇంకో దినం సూద్దుం."

"ఒక్క నిమిషం పనే గదా నాయుడుగారూ" అన్నాడు సూర్నారాయణ. నాయుడు అతని వైపు ఒక చూపు చూశాడు. సూర్నారాయణ రెండడుగులు వెనక్కి వేశాడు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ ఏడవని పిల్ల, నా బల్లకి తల ఆనించి అప్పుడు ఏడ్చింది. తాతారావు ఏం చెయ్యాలో తెలియక, తన దండ తీసి ఆమె చేతిలో పెట్టి నిలబడ్డాడు.

నేను ఆ కుర్చీలో ఇంకో మూడేళ్లు ఉండి రిటైరయ్యాను. అప్పలనాయుడు ఈలోగా ఎరువుల బాకీ తనఖాకి ఒకసారి, తమ్ముడితో గట్టు సర్దుబాటుకి ఒకసారి మా ఆఫీసుకి వచ్చాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు భయమేసేది. ఆషాఢం వస్తే మరీను. ఖాళీ ఆఫీసులో కూర్చుని, ఆ మడతల కాగితం నా బల్ల మీదికి రాకూడదని కోరుకుంటూ గుమ్మం వైపే చూసేదాన్ని. అది రాలేదు.